పిరికి తోక్తోమాత్ కనుమ దాటిన వైనం

తోక్తోమాత్ భయపడనిది ఈ లోకంలో ఏదైనా ఉందేమోనని ముర్గాబ్ ఊరివాళ్ళు చాలాకాలం వెతికారు. దొరకలేదు. తోడేలంటే భయం, సరే, అది అందరికీ ఉంటుంది. ఆయనకు గొర్రెన్నా భయమే. "ఊరికే అలా చూస్తోందేమిటి నన్ను?" అని గొర్రెను అనుమానించిన పశువుల కాపరి పామీరు కొండలన్నిట్లోనూ ఆయనొక్కడే. గాలి వీస్తే ఇంటికప్పు లేచిపోతుందని భయం. గాలి ఆగితే, ఏదో ముంచుకొస్తోంది కాబట్టే ఆగిందని భయం. ఫోను మోగితే ఎత్తి, ముందు "ఎవరు పోయారు?" అని అడిగి, ఆ తర్వాతే "ఎవరు మాట్లాడేది?" అనేవాడు.

ఒకసారి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయారు. నర్సు సూది బయటికి తీయగానే ఈయన స్పృహ తప్పాడు. ఇదే మంచి సమయమని ఆవిడ ఇంజెక్షను చేసేసింది. కాసేపటికి కళ్ళు తెరిచి, పొడిచే ముందు ఒక్కమాట చెప్పమ్మా అని బతిమాలాడు. ఎప్పుడో పొడిచేశానండీ అంది ఆ పిల్ల. ఆ మాట విని మళ్ళీ పడిపోయాడు.

ఇంత భయంలోనూ ఆయన కాళ్ళు పక్కింటి దారి మాత్రం మర్చిపోయేవి కావు. అది ఆయన వదిన ఐకనిష్ ఇల్లు. రోజుకొకసారైనా గుమ్మంలో నిలబడి, "వదినా, నా పని అయిపోయింది" అనేవాడు. ఆవిడ పిండిచేతులు దులుపుకుంటూ వచ్చి, ఇవాళ ఏమొచ్చిందని అడిగేది. పొయ్యి గొట్టం మూలుగుతోందనో, మింగిన రొట్టె మింగినచోటే ఆగిపోయిందనో చెప్పేవాడు. ఆవిడ నాలుగు తిట్టి, ఉప్పేసిన పాల టీ గిన్నెడు తాగించి, ఆ గొట్టం సంగతేమిటో చూడడానికి తానే బయల్దేరేది. వెనకాల ఈయన, ఆవిడ కోటు అంచు పట్టుకుని.

ఐకనిష్ కూతురు బురుల్చా ఊరి బడిలో టీచరు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ తంతు చూస్తూనే ఉంది. బాబాయంటే ఆమెకు ఇష్టమే. కాకపోతే కొత్తవాళ్ళ ముందు "ఈయన మా బాబాయి" అని చెప్పవలసి వచ్చినప్పుడు కాస్త గొంతు తగ్గించేది.

ఐకనిష్‌ను మాత్రం పిరికిదనడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. పొగరెక్కిన జడలబర్రెను కొమ్ములు పట్టి ఒంగదీసిన మనిషి. ఆవిడకున్నది ఒకే ఒక్క భయం, ఉత్తరం దారి. కనుమ దాటాక కిర్గిజ్ దేశంలోకి దిగే చోట ఎర్రమట్టి మలుపులున్నాయి. బురుల్చా పసిపిల్లగా ఉన్నప్పుడు, ఒక వసంతంలో, తండ్రి ఒస్మోనాలి లారీతో సహా ఆ మలుపుల్లో ఒకచోట లోయలోకి జారిపోయాడు. అప్పటినుంచి ఐకనిష్ ఆ దారిన అడుగు పెట్టలేదు. కొడుకు ఎర్నిస్ ఓష్ నగరంలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదురుకుంటే, తల్లిని చూడడానికి వాడే వచ్చిపోయేవాడు.

ఇప్పుడు ఆ ఎర్నిస్‌కు పెళ్ళి. పిల్లది ఓష్. పేరు మీరిమ్. పెళ్ళిలో కొత్తకోడలి తలమీద తెల్ల ముసుగు కప్పవలసింది అత్తగారు. ఆ అత్తగారేమో కనుమకు ఇవతల ఉంది.

ముసుగు బట్ట కొన్నరోజు ఐకనిష్ వెళ్తానంది. దానికి అంచు కుట్టినరోజు వెళ్ళనంది. మడతపెట్టి మూటకట్టిననాడు మళ్ళీ వెళ్తానంది. ఆ రోజుల్లో ఆవిడ చేతులు ఎంత చల్లగా ఉండేవో బురుల్చాకు తెలుసు. భయమేస్తే ఆవిడ అరవదు, ఏడవదు. మాట పడిపోతుంది, పెదవులు నీలమెక్కుతాయి, ఉన్నచోటే రాయిలా అయిపోతుంది. కొండదారి మధ్యలో అలా అయిపోతే ఏం చెయ్యాలో తెలియక బురుల్చాకు అన్నం సయించడం మానేసింది.

ఊరందరూ ఒకే సలహా ఇచ్చారు. ఎవరినైనా తీసుకెళ్ళు, మీ బాబాయిని మాత్రం వద్దు. ఆయన కేకలకు కనుమ రాకముందే మీ అమ్మ గుండె ఆగిపోతుంది. బురుల్చాకూ అదే నిజమనిపించింది. జీపు తెల్లవారాక వస్తుందని బాబాయికి చెప్పి, అంతకంటే ముందే రమ్మని డ్రైవరు శెరిప్‌తో మాట్లాడుకుంది.

చీకటి విడుతుండగా జీపు వచ్చింది. ముందుసీటులో తోక్తోమాత్ కూర్చునే ఉన్నాడు. ఉన్నికోటు, దానిమీద ఇంకో ఉన్నికోటు, టోపీ మీద టోపీ. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నిన్ను తెల్లవారాక రమ్మన్నానుగా అని బురుల్చా పళ్ళు బిగించి అడిగితే, భయమేసి నిద్రపట్టక శెరిప్ ఇంటికే వెళ్ళి కూర్చున్నానన్నాడు. ఆయన భార్యేమో జడలబర్రెల్ని చూసుకోవాలని ఊళ్ళోనే ఉండిపోయింది. ఈ నాలుగు రోజులైనా కంటినిండా నిద్రపోతానని ఆవిడ మొహం వెలిగిపోతోంది.

బండి కదిలిందో లేదో, "వదినా, నా పని అయిపోయింది" అన్నాడు. ముందు అద్దంలోంచి దారంతా కనిపిస్తోందట. ఐకనిష్ ఆయన్ని వెనక్కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కో మలుపు దగ్గరా ఆయన ఆవిడ చెయ్యి నలిపేస్తున్నాడు. ఆవిడ ఒక్కో మలుపుకూ ఒక్కో తిట్టు తిడుతోంది. బురుల్చా ముందుసీటులో కూర్చుని, తల్లి పెదవుల రంగు వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ, ఈయన్ని ఎక్కడైనా దింపేసే ఉపాయముందా అని ఆలోచిస్తోంది.

దారిలో ఉన్న రెండు కనుమల్లో మొదటిది ఎలాగో దాటారు. కారాకుల్ సరస్సు ఇంకా కనుచూపు దూరంలో ఉందనగా కింద ఫట్‌మని చప్పుడైంది. బండి ఒకపక్కకు ఒరిగి ఆగింది. బండి బరువు మోసే వెనక కమాను కట్ట విరిగిందని శెరిప్ కిందనుంచి చెప్పాడు. లారీ ఒకటి దొరికి, బండిని సరస్సు పక్కన పల్లెదాకా లాక్కుపోయేసరికి పొద్దు వాలింది. శెరిప్ పాత లారీ కమాను ఒకటి సంపాదించి బిగిస్తుంటే, వాళ్ళకు చోటిచ్చిన ఇంట్లో ఐకనిష్ పొయ్యి ముందు కూర్చుని ఏమీ మాట్లాడకుండా మంట వైపు చూస్తోంది. పెదవులు నీలమెక్కుతున్నాయి.

"ఇది మంచి శకునం కాదు. వెనక్కి పోదాం" అంది చివరికి, చాలా మెల్లగా.

బురుల్చా నోరు తెరిచేలోపు తోక్తోమాత్ ఎగిరి అందుకున్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నా వదినా. నా వల్ల కాదు. నన్ను ఇంటికి తీసుకుపో. పెళ్ళిదేముంది, పిల్లాడు ఇంకోసారి చేసుకున్నప్పుడు వెళ్దాం."

ఐకనిష్ తల తిప్పి మరిదిని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇంకోసారా? నీ కాళ్ళు వణుకుతున్నాయని నా కొడుకు పెళ్ళి మానుకోవాలా నేను?"

"వణకడం కాదు వదినా, విరిగేట్టున్నాయి. ఆ కమాను లాగే."

"పడుకో నోరు మూసుకుని. పొద్దున్నే బయల్దేరుతున్నాం."

అంటూ లేచి, ఆయనకు దుప్పటి కప్పింది. మాట తిరిగి వచ్చింది, రంగూ వచ్చింది. బురుల్చా బతికామనుకుంది. బాబాయి మీద కోపం మాత్రం తగ్గలేదు. రేపు కనుమ మీద ఇదే మాటంటే?

మర్నాడు సరిహద్దు చౌకీ దగ్గర ఆయన మరో ఘనకార్యం చేశాడు. కుర్ర సిపాయి ఒకడు కిటికీలో తల పెట్టి, ఎక్కడికని మామూలుగా అడిగాడు. దానికి తోక్తోమాత్ ఇచ్చిన జవాబు, "నేనేం తేలేదు బాబూ."

"ఏం తేలేదు?"

"అదే, నువ్వు అనుకునేది."

అప్పటిదాకా ఆ సిపాయి ఏమీ అనుకోలేదు. ఇప్పుడు అనుకోవడం మొదలుపెట్టాడు. మొత్తం దింపమన్నాడు. పెళ్ళికూతురికని తెచ్చిన ఉన్ని తివాచీ రోడ్డుమీద పరిచారు. ఎండు పెరుగుండల సంచులు కుమ్మరించారు. జడలబర్రె వెన్న డబ్బాలో ఇనపకడ్డీ గుచ్చి చూశారు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదే అని అందరికంటే ఎక్కువ కంగారుపడ్డవాడు తోక్తోమాతే. ఈలోపు ఆకాశం కిందికి దిగింది. అన్నీ మళ్ళీ సర్దేసరికి మంచు రాలడం మొదలైంది.

చౌకీ పెద్ద బయటికొచ్చి కనుమ వైపు చూశాడు. అవతల మట్టి తడిసిపోయి ఉంటుందనీ, తానైతే రేపటిదాకా ఆగుతాననీ, ఆపడానికి మాత్రం తనకు హక్కు లేదనీ చెప్పాడు. రేపటికి పెళ్ళి అయిపోతుంది. విందు ఈ సాయంత్రమే.

సరిగ్గా అప్పుడే అవతలి నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. చక్రాలు ఇరుసులదాకా ఎర్రగా ఉన్నాయి. తోక్తోమాత్ పరుగున వెళ్ళి, ఆ డ్రైవరుతో చాలాసేపు గుసగుసలాడాడు. ఎవరెవరు పోయారని అడుగుతున్నాడు కాబోలని బురుల్చా ఒళ్ళు మండిపోయింది.

ఐకనిష్ జీపు పక్కన నిలబడి ఉంది. ముసుగు మూట గుండెలకు అదుముకుంది. మొహంలో చుక్క నెత్తురు లేదు. బురుల్చా తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఏ మాట అంటే ఏమవుతుందో తెలియలేదు. వెళ్దామనడానికీ భయంగా ఉంది, ఆగుదామనడానికీ భయంగా ఉంది. నాన్న మొహం ఆమెకు గుర్తులేదు. ఆ ఎర్రటి చక్రాల మీంచి మాత్రం చూపు తిప్పుకోలేకపోయింది.

తోక్తోమాత్ తిరిగొచ్చి చౌకీ పెద్ద చెప్పింది బంగారం లాంటి మాటన్నాడు. "వెనక్కి పోదాం వదినా. పెళ్ళి ఫోన్లో చూద్దాం. ముసుగుదేముంది, అమ్మలక్కలు బోలెడుమంది ఉంటారక్కడ. ఎవరో ఒకరు కప్పేస్తారు."

"ఎవరో ఒకరా?" అంది ఐకనిష్. "నా కోడలికి ఎవరో ఒకరు కప్పుతారా?" ఆ ఊపులోనే బండెక్కి, మరిదిని మెడపట్టి లోపలికి లాగింది. "శెరిప్, పోనీ."

కనుమ నెత్తిమీద మంచు అడ్డంగా కొడుతోంది. అవతలికి దిగడం మొదలుపెట్టారు. ఎడమపక్క కొండ, కుడిపక్క ఏమీ లేదు. దారి ఎర్రగా, జిడ్డుగా మెరుస్తోంది. శెరిప్ అడుగు అడుగుకూ ఆగి, చక్రం పట్టిందని నమ్మకం కుదిరాకే కదుపుతున్నాడు. బురుల్చా రెండు చేతులతో ముందున్న కడ్డీని పట్టుకుంది. ఏ మలుపో ఆమెకు తెలియదు. తల్లిని అడిగే ధైర్యం లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం కూడా పోయింది.

ఒక మలుపు మొదట్లో శెరిప్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు.

ఆ క్షణాన వెనకసీటులో తోక్తోమాత్ ఒక్క కేక పెట్టి, కళ్ళు మూసుకుని, వదిన ఒళ్ళోకి దభీమని కూలిపోయాడు. ఊపిరి ఆడడం లేదన్నాడు, చెవులు వినబడడం లేదన్నాడు, తన బర్రెల్ని అమ్మొద్దని భార్యకు చెప్పమన్నాడు. ఐకనిష్ గాభరాగా ఆయన మీదికి వంగి, చెవులు రుద్దింది, కోటు గుండీలు విప్పింది, ఊపిరి పీల్చు, ఇలా పీల్చు అని నేర్పింది. ఆవిడ తల ఎత్తేసరికి మలుపు వెనకబడిపోయింది.

అమ్మయ్య అనుకునేంతలో బండి జారింది. జారుతూ అడ్డం తిరిగి, వెనక చక్రం అంచు దగ్గర మెత్తటి మట్టిలో కూరుకుని ఆగింది. అందరూ దిగండి, మెల్లగా, కొండవైపు నుంచి, అన్నాడు శెరిప్.

ఐకనిష్ కదలలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఒస్మోనాలి" అంది, పక్కనున్న మనిషిని పిలిచినట్టు.

"వదినా, కాళ్ళు రావడం లేదు, నన్ను దింపు" అని తోక్తోమాత్ ఏడుపందుకున్నాడు. ఒకసారి కాదు, ఆవిడకు వినబడేదాకా అన్నాడు. ఐకనిష్ ఉలిక్కిపడి, ఆయన చంకల కింద చేతులు వేసి, ఈడ్చుకుంటూ తానూ దిగింది. దిగాక ఆయన డోకొస్తోందన్నాడు. తనవైపు చూడొద్దనీ, సిగ్గనీ, కొండవైపు తిరిగి కూర్చోమనీ బతిమాలి, మూలుగుతూ బండి వెనక్కి పోయాడు. ఐకనిష్ కొండవైపు తిరిగి కూర్చుని, వెళ్ళి వాణ్ణి పట్టుకోమనీ, కళ్ళు తిరిగి లోయలో పడేట్టున్నాడనీ కూతుర్ని పంపింది.

బురుల్చా బండి చాటుకు వెళ్ళి నిలబడిపోయింది.

లోయ అంచున, ఒక్క జాన ఇవతల, తోక్తోమాత్ బురదలో మోకాళ్ళమీద ఉన్నాడు. పైకోటు తీసి చక్రం కింద దూర్చాడు. దానిపక్కన రాళ్ళు పేరుస్తున్నాడు. చేతుల్లో వణుకు లేదు. ఏ రాయి ఎక్కడ పడుతుందో చూసి, తట్టి, కదులుతోందా లేదా అని నొక్కి చూసి మరీ పెడుతున్నాడు. మధ్యమధ్యలో తల మాత్రం పైకెత్తి, "అబ్బా వదినా, పోయానే" అని మూలుగుతున్నాడు. మూలిగి మళ్ళీ రాయి అందుకుంటున్నాడు.

ఆమెను చూసి పెదవులమీద వేలు పెట్టుకున్నాడు.

"మీ అమ్మ ఎటు చూస్తోంది?"

"కొండవైపు."

"మంచిది. ఆ పలకరాయి ఇటివ్వు." ఆపైన గొంతు పెంచి, "అమ్మో, కళ్ళు తిరుగుతున్నాయి."

బురుల్చా రాయి ఇచ్చింది. "నీకు భయం లేదా బాబాయ్?"

"లేకేం. చచ్చేంత ఉంది. దానికిప్పుడు తీరికేదీ?" రాయి సర్దుతూ చెప్పుకొచ్చాడు. ఆమె తండ్రి పోయిన ఏడు తల్లి గుమ్మం దాటలేదట. ఎవరెంత ధైర్యం చెప్పినా చెవికెక్కలేదట. "ఒకరోజు నా ఇంట్లో పొయ్యి పొగచిమ్మితే నిజంగానే జడుసుకుని పరిగెత్తుకొచ్చా. లేచి వచ్చింది. నన్ను తిడుతూ తిడుతూ గుమ్మం దాటేసింది. తను భయపడుతున్న సంగతే మర్చిపోయింది. తన కోసమైతే అడుగు వెయ్యదు మీ అమ్మ. ఇంకొకళ్ళ కోసమైతే పరిగెడుతుంది."

"అప్పట్నుంచీ ఇదంతా..."

"మొదట్లో వెతుక్కోవాల్సొచ్చేది, ఇవాళ దేనికి భయపడదామా అని. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఏది నిజమో ఏది కాదో నాకే తెలీదు." కాస్త ఆలోచించాడు. "గొర్రెలంటే మాత్రం నిజంగానే భయం."

ఇందాక లారీ డ్రైవరుతో ఏం మాట్లాడావని అడిగింది. కింద మట్టి ఎక్కడెక్కడ మెత్తగా ఉందో, దిగొచ్చా లేదా కనుక్కున్నానన్నాడు. దిగకూడదని ఆ డ్రైవరు అనుంటే? అనుంటే, ధైర్యంగా ముందుకు పోదామని తాను ఛాతీ విరుచుకుని ఉండేవాడినన్నాడు. అప్పుడు మీ అమ్మ నా మాట కాదని అక్కడే ఆగిపోయేది కదా.

శెరిప్ మెల్లగా బండిని ముందుకు తీశాడు. చక్రం ఒకసారి తిరిగింది, రాళ్ళు కిర్రుమన్నాయి, కోటు బురదలోకి మాయమైంది, బండి దారిమీదికి వచ్చింది. తోక్తోమాత్ లేచి, చేతులు దులుపుకుని, నాలుగడుగులు మామూలుగా నడిచి, బండి చాటు దాటగానే గడగడా వణకడం మొదలుపెట్టాడు. ఐకనిష్ ఎదురొచ్చి, ఇంత బురదలో దొర్లావేమిట్రా అని తలగుడ్డ అంచుతో మొహం తుడిచింది.

ఓష్‌లో విందుశాల దొరికేసరికి పొద్దు గుంకుతోంది. పులావు పళ్ళేలు తిరుగుతున్నాయి. అత్తగారు రాలేదని ఎవరో పెద్దమ్మను ముసుగు కప్పడానికి లేపుతున్నారట. మోకాళ్ళదాకా ఎర్రమట్టితో నలుగురూ లోపలికి రాగానే సంగీతం ఆగింది. ఎర్నిస్ పెళ్ళిబట్టలతోనే వచ్చి తల్లిని వాటేసుకున్నాడు. ఐకనిష్ చేతులు కడుక్కుని, మూట విప్పి, మడత నలగని ముసుగు మీరిమ్ తలమీద కప్పి, నుదుటిమీద ముద్దు పెట్టింది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయని తర్వాత మీరిమే చెప్పింది.

విందు మధ్యలో బురుల్చా ఉండబట్టలేకపోయింది. తల్లి పక్కన చేరి, కనుమ మీద చూసిందంతా చెవిలో చెప్పేసింది.

ఐకనిష్ రొట్టె తుంచుతూనే ఉంది.

"తెలుసే."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పొయ్యి గొట్టం రెండోసారి మూలిగినప్పటి నుంచి. గాలి లేనిరోజు గొట్టమెందుకు మూలుగుతుంది?"

మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని బురుల్చా నిలదీసింది.

"మీ నాన్నను ఆ లోయలోంచి భుజమ్మీద మోసుకొచ్చింది వాడే. వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. నా గుమ్మంలోకి వచ్చి పొయ్యి గురించి ఏడ్చిందే మొదటి మాట. నన్ను చూసుకోవడమని వాడికో పని దొరికింది. అది నేను లాక్కుంటే వాడేమైపోతాడు? అందుకే తిడుతుంటా." రొట్టెముక్క కూతురి చేతిలో పెట్టింది. "ఆ మలుపు దగ్గర మాత్రం నాటకం లేదు. వాడు నా ఒళ్ళో కళ్ళు మూసుకున్నాడు. నేను వాడి కోటులో మొహం దాచుకున్నా. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు గట్టిగా పట్టుకున్నాం."

ఇంతలో, పెళ్ళికొడుకు తరఫు పెద్ద నాలుగు మాటలు చెప్పాలంటూ మైకు తెచ్చి తోక్తోమాత్ చేతిలో పెట్టారు. ఆయన లేచాడు. తడుముకోలేదు. అన్న ఒస్మోనాలి గురించి చెప్పాడు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేసిన దొంగతనాలు చెప్పాడు, కొత్తకోడలికి ఇంటి గుట్లన్నీ విప్పాడు. శాలంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. ఆయన నిటారుగా, ఒక చెయ్యి నడుమున పెట్టుకుని, సభలో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడుతున్నాడు.

అలా మాట్లాడుతూ మాట్లాడుతూ వదిన వైపు చూశాడు. గతుక్కుమన్నాడు. వెంటనే చెయ్యి వణకడం మొదలైంది. మైకు గడ్డానికి కొట్టుకుంది. ఐకనిష్ ఆ ముందరి దర్జా ఏమీ చూడనట్టు గబుక్కున పళ్ళెంలోకి తల వంచుకుంది. నవ్వు పూర్తిగా మింగాక టీ గిన్నె చేత పుచ్చుకుని, మరిదిని తిట్టడానికి లేచింది.